పిల్ల పాస్‌పోర్టు

బియ్యం డబ్బా బోర్లిస్తే నేల మీద పడింది బియ్యమే. పాస్‌పోర్టు లేదు.

“ఒగ్గేయరా శంకరూ. నాను ఎత్తుకుంటాను గానీ,” అంది కూర్మమ్మ.

శంకర్ వినలేదు. అప్పటికే పప్పుల డబ్బాలు అయిపోయాయి. పరుపుల కింద, బీరువా పైన, దేవుడి గదిలో పటాల వెనక వెతకడం అయిపోయింది. హాల్లో నాలుగు సూట్‌కేసులు పూర్తిగా ఖాళీ అయి పడి ఉన్నాయి. పొద్దున్న సర్దిన బట్టలన్నీ సోఫా మీద గుట్టగా ఉన్నాయి.

పదకొండుంపావు అయింది. సింగపూర్ విమానం రాత్రి ఎనిమిదికి. ఈ సుంగై సుమున్ ఊరి నుంచి కౌలాలంపూర్ విమానాశ్రయానికి మూడు గంటల దారి. రెండింటికల్లా వ్యాను కదలకపోతే ఆ విమానం అందదు. అది అందకపోతే శనివారం లోపు బూగెన్‌విల్‌లో దిగడం కుదరదు.

శనివారంతో యోగి పర్మిట్ గడువు అయిపోతుంది.

శంకర్ కోకో మనిషి. సుంగై సుమున్ చుట్టుపక్కల తోటల్లోనే పని నేర్చుకుని, ఆరేళ్ళ కిందట పసిఫిక్‌లో ఉన్న బూగెన్‌విల్ ద్వీపానికి వెళ్ళాడు. అక్కడి రైతుల సంఘానికి గింజలు పులియబెట్టడం, ఆరబెట్టడం నేర్పుతాడు. భార్య షర్మిల, కూతురు యోగేశ్వరి అతనితోపాటే అక్కడి ఆరవా పట్నంలో ఉంటున్నారు. ఇప్పుడు రెండు వారాల సెలవుకి శంకర్ అమ్మానాన్నల దగ్గరికి వచ్చారు. స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. పెరట్లోకి వెళితే గింజల పులుపు వాసన. షర్మిల ఆ ఇంటి వరండాలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళకి కుట్టుమిషను నేర్పుతుంది. పదకొండేళ్ళ యోగి అక్కడి పిల్లలతో అక్కడి భాషే మాట్లాడుతుంది. తెలుగు అర్థమవుతుంది గాని, జవాబు చెప్పేటప్పుడు మూడు భాషలు కలిపేస్తుంది.

ఆ ద్వీపం పాపువా న్యూగినీ నుంచి విడిపోయి సొంత దేశం కావాలని కొన్నేళ్ళ కిందటే ఓటేసింది. సెప్టెంబర్ ఒకటో తారీఖని వాళ్ళ నాయకులు అంటున్నారు. ఆ రోజే అవుతుందా, ఆలస్యమవుతుందా అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. శంకర్, షర్మిల పర్మిట్‌లకి ఇంకా రెండేళ్ళుంది. యోగిది బడి పర్మిట్, వేరేది. గడువులోపు లోపల ఉంటే పొడిగిస్తారు. బయట ఉండగా దాటిపోతే మళ్ళీ మొదటి నుంచి అడగాలి. ఎవరిని అడగాలో, ఆ ఆఫీసు అప్పటికి ఏ దేశానిదో ఎవరికీ తెలియదు.

నీలం సంచిలో మూడు పాస్‌పోర్టులు పెట్టి జిప్ వేసింది షర్మిల. అది నిన్నటి మాట. ఈ ఉదయం తెరిచి చూస్తే రెండే ఉన్నాయి.

“ఆ సంచి ఇల్లు దాటి పోయింది ఒక్కసారే,” అంది షర్మిల. ఆమె పినాంగు జార్జ్ టౌన్ పట్నం పిల్ల, మాట నింపాదిగా ఉంటుంది. “పొద్దున్న వేలాయుధం అన్న సామాన్లన్నీ వ్యాన్లో వేసుకుని తూకానికి తీసుకెళ్ళారు కదా.”

సామాను బరువు తూచుకోవాలంటే ఆ వీధి వాళ్ళంతా మూల మీది కొట్లో బియ్యం బస్తాల త్రాసు దగ్గరికే వెళతారు. పక్కింటి వేలాయుధం స్కూలు వ్యాను నడుపుతాడు. తమిళుడే గాని, నలభై ఏళ్ళుగా తెలుగు వాళ్ళ మధ్య ఉండి వాళ్ళ భాష వాళ్ళకంటే గట్టిగా మాట్లాడతాడు, మాట చివర ఇక్కడి ‘లా’ తగిలిస్తూ.

పిలిస్తే వచ్చాడు. విషయం విని గుమ్మంలోనే ఆగిపోయాడు.

“నన్ను అడుగుతున్నావా శంకర్, లేక నన్నే అంటున్నావా?”

“అడుగుతున్నాను, అన్నా. జిప్ తెరిచి ఉంది.”

“దొంగనైతే మూడూ తీస్తాను లా. పిల్లదొక్కటీ తీసి నేనేం చేసుకుంటాను? ఆ ఫోటో పెట్టుకుని ఐదో క్లాసులో కూర్చుంటానా?”

సోఫా మీద ఉన్న యోగి కిసుక్కున నవ్వి, తండ్రి మొహం చూసి ఆపేసింది.

“త్రాసు మీద పెట్టినప్పుడు జారిపోయి ఉండొచ్చు,” అన్నాడు శంకర్.

“కొట్టుకెళ్ళి చూద్దాం పద.”

చూశారు. త్రాసు కింద, ఉల్లిపాయల గంపల కింద, వ్యాన్లో ప్రతి సీటు కింద చూశారు. పన్నెండైంది.

తిరిగి వచ్చేసరికి శంకర్ తండ్రి సూరిబాబు ముందు గదిలో కుర్చీ ఎక్కి, ఫ్యాను రెక్కల మీద చెయ్యి పెట్టి తడుముతున్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. కొబ్బరి తోటలో ముప్పై ఏళ్ళు కొబ్బరి ఎండబెట్టి రిటైరయ్యాడు.

“దిగు నాన్నా. ఫ్యాను మీద ఎవరు పెడతారు?”

“ఏటో, సూద్దామని,” అంటూ సూరిబాబు దిగాడు. “దొరక్కపోతే ఏటవుతాదిరా?”

“యోగి రావడం కుదరదు. అంతే.”

“పిల్ల రాకుండా మీరేల ఎల్తారు? ముగ్గురూ ఉండిపోండి. కొలువు ఇక్కడ దొరకదేటి?”

శంకర్ అప్పటికే లెక్కలు వేసుకున్నాడు. “సంఘం వాళ్ళకి మాటిచ్చాను నాన్నా. దేశం కాబోతోంది, మొదటి పంట వాళ్ళ పేరు మీదే బయటికి పంపుకుంటామంటున్నారు. ఇప్పుడు నేను లేకపోతే ఆ గింజలు బూజు పడతాయి. నేను వెళతాను. షర్మిల, యోగి ఇక్కడుంటారు.”

“నువ్వొక్కడివే?”

“రెండు నెలలే నాన్నా.”

సూరిబాబు కుర్చీని గోడ దగ్గరికి జరిపాడు. మళ్ళీ వెనక్కి జరిపాడు. పెరట్లోకి వెళ్ళిపోయాడు. కూర్మమ్మ బియ్యం ఎత్తడం ఆపి అటే చూసింది. పొద్దున్న పెట్టిన ఇడ్లీలు మూత కింద అలాగే ఉన్నాయి. పెళ్ళయిన యాభై రెండేళ్ళలో ఆయన ఇడ్లీ వదిలేసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

షర్మిల తల్లీకొడుకుల వైపు రాకుండా కిటికీ దగ్గరే నిలబడింది. “రెండు నెలలని నీకెవరు చెప్పారు శంకర్? నన్నొక మాట అడగాలని కూడా అనిపించలేదా?”

“ఇంకేం చెయ్యమంటావు?”

“ముందు వెతుకు.”

శంకర్ తల్లి ముందు చతికిలబడ్డాడు. ఈ రెండు వారాలూ ఆవిడ అన్నం తిని చెయ్యి కడుక్కున్నప్పుడల్లా ఆ ద్వీపంలో గొడవలొస్తాయేమో అంటూనే ఉంది. ఫోన్లో ఎవరో పంపిన పాత యుద్ధం వీడియోలు చూసి ఏడ్చింది కూడా.

“అమ్మా. నీకు తెలుసా ఎవరు తీశారో?”

కూర్మమ్మ చేటలో బియ్యం చెరుగుతూ ఉండిపోయింది. అబద్ధం ఆడటం ఆవిడకి చేతకాదు.

“తెల్సు.”

గదిలో అందరూ కదిలారు.

“ఎవరు?”

“సెప్పలేను.”

“అమ్మా, రెండు గంటలే ఉంది.”

“సెప్పలేనురా బాబూ. నన్ను అడక్కు.”

“మేం వెళ్ళడం నీకిష్టం లేదు. అదే గదా?”

“ఇష్టం లేదు. తియ్యలేదు.”

“మరి ఎవర్ని కాస్తున్నావు? యోగినా?”

“ఐ డిడ్ నాట్, నాన్నా,” అంది యోగి సోఫా మీంచి. “నేను పోవాలి. స్కూల్లో సాంగ్ ప్రాక్టీస్ ఉంది. న్యూ కంట్రీ సాంగ్.” మామ్మ పక్కకొచ్చి కూర్చుని ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. “మామ్మ తియ్యలే. మామ్మ గుడ్.”

ఆ మాటకి కూర్మమ్మ కళ్ళు చెమర్చాయి గాని, పేరు మాత్రం బయటికి రాలేదు. శంకర్ ఇక అడగలేదు. తనకి తెలిసిపోయిందనుకున్నాడు. తీసింది తల్లే. ఒప్పుకోలేక పంతం పడుతోంది. పోలీసు స్టేషన్లో కూర్చోబెడితే ఆవిడే బయట పెడుతుంది.

“రిపోర్టు లేకుండా కొత్త పాస్‌పోర్టు ఇవ్వరు. పోలీసు బలాయికి పోదాం పదండి,” అన్నాడు. “అందరూ.”

వ్యాను నడిపింది వేలాయుధమే. తన మీద రిపోర్టు రాయించడానికి తన వ్యాన్లోనే వెళుతున్నారని దారంతా గొణుక్కున్నాడు. “డీజిల్ కూడా నాదే లా,” అన్నాడు ఒకసారి. వెనక సీట్లో సూరిబాబు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. యోగి తాత భుజం మీద తలపెట్టింది.

స్టేషన్లో సార్జెంట్ ఇళంగోవన్ ఒక్కడే ఉన్నాడు. నలభై దాటిన మనిషి. చల్లటి టీ పక్కన పెట్టుకుని కీబోర్డు ముందు కూర్చున్నాడు. తమిళంలో అడిగాడు. అందరికీ తమిళం వచ్చు కాబట్టి ఇబ్బంది లేకపోయింది. సూరిబాబు లోపలికి రాలేదు. యోగితో పాటు వరండా బల్ల మీదే ఉండిపోయాడు. తెరిచిన తలుపులోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. యోగి తాత చేతులు పట్టుకుని తమ బడి పాటకి చప్పట్లు ఎలా కొట్టాలో చూపిస్తోంది.

గడియారం ఒంటిగంట పది చూపిస్తోంది.

“పోయిందని రాయనా, ఎవరైనా తీశారని రాయనా?” అన్నాడు సార్జెంట్. “రెంటికీ తేడా ఉంది.”

“జిప్ దానంతటది ఊడదు సార్,” అన్నాడు శంకర్.

“అయితే ఆ సంచి ఆఖరికి ఎవరి చేతిలో ఉంది?”

శంకర్ తల్లి వైపు చూశాడు. ఆవిడ చెప్పడానికి ఒక్క క్షణం ఇచ్చాడు. ఆవిడ నేల చూపులు చూస్తోంది.

“వేలాయుధం. మా పక్కింటాయన. తూకానికి తీసుకెళ్ళాడు.”

కీబోర్డు టకటకలాడింది. ఒక మనిషి పేరు పోలీసు కాగితం మీదికి ఎక్కడానికి పట్టే సమయం అంతే.

“సరిగ్గా కొట్టుకోండి సార్,” అన్నాడు వేలాయుధం. “స్కూలు వ్యాను లైసెన్సు వాళ్ళు రేపు ఇదే చూస్తారు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లల్ని దింపుతున్నాను. ఒక్క నీళ్ళ సీసా కూడా పోలేదు నా బండిలో.”

కూర్మమ్మ బెంచీ మీంచి లేచింది.

“ఆ పేరు సెరిపీ బాబూ. ఏలాయుదం తియ్యలేదు.”

సార్జెంట్ తలెత్తాడు. “మరెవరు తీశారమ్మా?”

“తెల్సు. సెప్పలేను.”

“పొద్దున్నుంచీ ఇదే మాట సార్,” అన్నాడు శంకర్. “మా అమ్మే తీసింది. ఒప్పుకోదు.”

ఇళంగోవన్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. కుర్చీ వెనక్కి వాలి ఆ ముసలావిడ వైపు కాసేపు చూశాడు. దొంగల్ని పట్టుకునే చూపు కాదది.

“అమ్మా, ఊరికే కొన్ని పేర్లు అడుగుతాను. ఈయన మీ అబ్బాయి కదా. పేరు?”

“శంకరు.”

“కోడలు?”

“షర్మిల.”

“ఆ పాప?”

“యోగేశ్వరి. యోగి అంటాం.”

“మీ ఇంటాయన?”

కూర్మమ్మ నోరు తెరిచి మూసేసింది. శంకర్ వైపు తిరిగింది. క్లినిక్‌లో, బ్యాంకులో, గుర్తింపు కార్డు ఆఫీసులో ఎప్పుడూ అలాగే తిరిగేది. పక్కనున్న వాళ్ళెవరో ఆ పేరు అందించేవాళ్ళు. ఆవిడ తలూపేది. ఇల్లంతా అలవాటు పడిపోయి, ఎవరూ ఎప్పుడూ పట్టించుకోలేదు.

శంకర్ ఈసారి అందించలేదు. అతని మొహంలో రంగు మారిపోయింది.

“మా అమ్మ కూడా ఇంతే,” అన్నాడు సార్జెంట్ మెల్లగా. “ఆసుపత్రిలో నాన్న పేరు అడిగితే, నర్సుకి ఆయన కార్డు తీసి చూపించేది. చివరిదాకా నోటితో అనలేదు. వీళ్ళు మొగుడి పేరు చెప్పరు సార్. వేరే ఎవరి పేరైనా ఈవిడ మీకు పొద్దున్నే చెప్పేసేది.”

“నాన్న?” అన్నాడు శంకర్. “నాన్నేంటి? వెళ్ళమని మొదట్నుంచీ చెప్పింది ఆయనే.”

“ఆరేళ్ళూ ఎల్లమన్నాడు,” అంది కూర్మమ్మ. “దేశం అవతాదని ఎరక్క ముందు. మొన్న పిల్ల సెప్పినాది గదా, కొత్త దేశం, కొత్త పాట, కొత్త జెండా అని. ఆ రేతిరి నుంచీ ఆ మనిషికి నిద్ర లేదు.”

ఆవిడ మళ్ళీ కూర్చుంది. షర్మిల వెళ్ళి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి తీసుకుంది.

“మెర్డేకా ఏడాది, మలయాకి సొతంత్రం వచ్చిన ఏడు. ఆ మనిషి తొమ్మిదేళ్ళ గుంటడు. వాళ్ళమ్మ చిన్న గుంటని సంకనేసుకుని పినాంగు రేవులో ఓడెక్కినాది, సీకాకుళంలో సెల్లి పెళ్ళని. తిరిగి రాడానికి కాయితమిచ్చినారు, ఇన్నాళ్ళ లోపల రావాలని. అక్కడ జొరమొచ్చి పడుకున్నాది. లెగిసేసరికి గడువు దాటిపోనాది. ఇక్కడేమో కొత్త దేశం. కొత్త ఆపీసులు. ఎవల్నడగాలో వాళ్ళ నాన్నకి తెలీదు, సదువులేదు. మల్లీ అమ్మ మొకం సూసినాటికి ఆ గుంటడికి ముప్పయ్యొక్కేళ్ళు. ఎవలు బాబూ నువ్వు అన్నాదట ఆవిడ.”

శంకర్‌కి నానమ్మ గురించి తెలిసింది ఒక్కటే: ఇండియాలో ఉండేది, అక్కడే పోయింది. ఇష్టపడే ఉండిపోయిందనుకున్నాడు. తండ్రి అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. తనూ అడగలేదు.

“దేశం పుట్టినప్పుడు ఇంట్లోవాళ్ళంతా ఒక్క కాడ ఉండాలన్నదే ఆ మనిషి బాద,” అంది కూర్మమ్మ. “పిల్ల కాయితం లేకపోతే మీ ఇద్దరూ ఆగిపోతారనుకున్నాడు. నాను తెల్లారగట్ల సూసినాను తీస్తంటే. సూసినానని ఆ మనిషికీ ఎరుకే. నువ్వొక్కడివే ఎల్తానంటావని అనుకోలేదురా. ఆ మాట ఇన్నాక ఇడ్లీ ముట్టలేదు. తీసినానని ఆ మనిషి అందామంటే అప్పటికే ఏలాయుదాన్ని అనేసినారు. సిగ్గుతో నోరు పడిపోనాది.”

“ఇప్పుడెక్కడుంది అత్తా?” అంది షర్మిల.

“సొక్కా లోపల. పొద్దున్నుంచీ అక్కడే.”

శంకర్ తలుపు వైపు అడుగేశాడు. కూర్మమ్మ అతని చొక్కా అంచు పట్టుకుని ఆపింది.

“నువ్వడక్కు. కొడుకు అడిగితే ఆ మనిషి తట్టుకోలేడు. ఇను. ఎల్తే ముగ్గురూ ఎల్లండి. ఉంటే ముగ్గురూ ఉండండి. ఇడిపోయి మాత్రం ఉండొద్దు. అది నాను ఈ కల్లతో సూసినాను, రోజూ సూస్తన్నాను.”

“ముగ్గురమూ వెళతాం అమ్మా,” అన్నాడు శంకర్. షర్మిల వైపు చూసి మళ్ళీ అన్నాడు, ఈసారి అడుగుతున్నట్టుగా. “ముగ్గురమూ?” షర్మిల తలూపింది.

“అయితే నాన్నగారి దగ్గరికి వెళ్ళి తెచ్చుకుంటే సరిపోతుంది కదా,” అన్నాడు వేలాయుధం. అప్పటికే అతని కోపం సగం దిగిపోయింది. “నా పేరు నేను మర్చిపోతాను.”

“కంప్యూటర్ మర్చిపోదు,” అన్నాడు ఇళంగోవన్. “అమ్మా, ఈయన పేరు మీద ఒక మాట నేను ఎక్కించేశాను. దాన్ని తీసెయ్యాలంటే చూసిన మనిషి నోటితో చెప్పాలి. నేను ఊహించి తీసెయ్యకూడదు. కొత్త పేరు రాయను. వింటాను. అంతే.”

“నేను చెప్తాను సార్,” అన్నాడు శంకర్.

“మీరు చూశారా?”

ఒంటిగంట ఇరవై ఎనిమిది. వరండాలో చప్పట్లు ఆగిపోయాయి. లోపల ఏదో తేలిందని తెలిసిపోయినట్టు, సూరిబాబు యోగి చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ముందు వేలాయుధం మొహం చూశాడు. తర్వాత కొడుకు మొహం. ఆ తర్వాత భార్య వైపు చూశాడు. చూపు దించుకోలేదు. భయం లేదు ఆ చూపులో. ఇక మోయలేనన్న అలసట ఒక్కటే ఉంది. రెండో చెయ్యి చొక్కా పై బొత్తాం దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

“తాతా, చొక్కాలో వాట్ ఈజ్ దేర్?” అంది యోగి.

కూర్మమ్మ లేచింది. పైట భుజం నిండా కప్పుకుంది. పెళ్ళిలో ఒకసారి, పంతులు చెప్పించినప్పుడు అన్నదేమో ఆ పేరు. అప్పుడు కూడా గొణిగి ఊరుకుంది. ఇప్పుడు ఆవిడ భర్త కళ్ళలోకే చూస్తూ, ఆయన తప్ప ఆ గదిలో ఇంకెవరూ లేనట్టు, చంటిపిల్లాణ్ణి నిద్ర లేపే గొంతుతో పలికింది.

“సూరిబాబు,” అంది. “అప్పలసామి కొడుకు సూరిబాబు.”